బాలకోటయ్య గారి ఊపిరితిత్తులు

"పల్నాటి గడ్డ మీద కత్తికి నెత్తురిచ్చిన వీరులు కోకొల్లలు! కాని సూదికి నెత్తురిచ్చిన వీరుడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. ఆ కొరత నేటితో తీరుతున్నదని ప్రకటించడానికి గర్విస్తున్నాను!"

ఈ మాటలు నావి. పలికిన నోరు బాలకోటయ్య గారిది. గురజాలకీ మాచర్లకీ మధ్య ఉన్న మా ఊళ్లో నేను హైస్కూలు తెలుగు మాస్టర్ని. పిల్లలకు చెప్పగా మిగిలిన తెలుగునంతా బాలకోటయ్య గారి ఉపన్యాసాలకు ఖర్చు పెట్టేవాణ్ణి. ఆయనకు ఊరి బయట కంకర క్రషర్ ఉంది. కొండను ముక్కలు చేసి దాని నోట్లో వేస్తే నమిలి కంకరగా ఉమ్మేది. ఆ నమలడంలో లేచే దుమ్ముకు మా ఊళ్లో పొద్దు మిగతా ఊళ్లకన్నా ముందే కుంకేది. ఆరేసిన తెల్లచీర ఏదైనా సాయంత్రానికి బూడిదరంగు చీర అయ్యేది. రెండు రంగుల చీర ఒకే ధరకు వస్తోందని బాలకోటయ్య గారు సరసమాడేవారు.

ఎనభై ఆరో సంవత్సరం అది. అప్పుడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మండలానికో అధ్యక్షుడు కావాలి. అధ్యక్షుడికి ఉండాల్సిన లక్షణాలన్నీ తనలో ఉన్నాయని బాలకోటయ్య గారికి ఒక ఉదయం తెలిసిపోయింది. ఇక ఆ సంగతి జనానికి తెలియడమే తరువాయి!

సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి డాక్టర్ మహమూదా గారు దిగారు. ఊపిరితిత్తుల కాన్సర్ ముదరకముందే దాని జాడ రక్తంలో పట్టుకోవచ్చా అని మద్రాసులో ఎవరో పరిశోధన చేస్తున్నారట. దానికోసం ఆవిడ జిల్లా అంతా తిరిగి రక్తం సేకరిస్తున్నారు.

"మీ క్రషర్లో పనిచేసేవాళ్ల రక్తం కావాలండీ" అన్నారు డాక్టరమ్మ.

బాలకోటయ్య గారు సిగరెట్టు పొగ తీరుబడిగా వదిలారు. "మావోళ్లకేం రోగమమ్మా? గుండ్రాళ్ల మాదిరి ఉంటేనూ!"

"ఇందాక వస్తూ విన్నాను. గుండ్రాళ్లు దగ్గుతున్నాయి."

"అది బీడీ దగ్గు."

వసారాలో కాఫీ గ్లాసులు పట్టుకుని శౌరి నిలబడి ఉన్నాడు. క్రషర్ నోట్లోకి రాళ్లు అందించే పని అతనిది. పెద్దమనుషులెవరైనా వస్తే కాఫీ అందించే పని కూడా అతనిదే. "నేను బీడీ తాగనయ్యా" అన్నాడు, దగ్గు ఆగాక.

"నువ్వు తాగవు, పక్కోడు తాగుతాడు! ఆడి పొగకి నువ్వు దగ్గుతావు" అన్నారు బాలకోటయ్య గారు. ఆయన చేతిలో అప్పటికి రెండో సిగరెట్టు వెలిగింది. "ఇంక దుమ్మంటారా డాక్టరమ్మ గారూ, మనిషి మట్టిలోంచే గదా పుట్టింది? ఆ మట్టి నాలుగు రేణువులు లోపలికి పోతే పుట్టింటికి పోయినట్టు. అందులో నష్టమేంది?"

డాక్టరమ్మ ఈ వైద్యశాస్త్రాన్ని విని, సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లారు. ఆవిడ గేటు దాటగానే బాలకోటయ్య గారి మొహంలో వేదాంతం ఎగిరిపోయింది.

"మాస్టారూ, కూలోళ్ల నెత్తుట్లో ఏదన్నా తేలిందంటే అది నా క్రషర్ మెడకే చుట్టుకుంటది. పొమ్మంటేనేమో పేపరోళ్లకి పండగ. ఎట్టా?"

"మీరే సెలవివ్వాలి" అన్నాను.

"ఇంత ఖరీదైన పరీక్ష, మద్రాసు పరీక్ష! ఇది కూలోళ్లకేంది అసలు? పెద్దోళ్లకి పెడదాం. ఊరి పెద్దలు ప్రజల కోసం నెత్తురు ధారపోశారని రాయండి. ఫొటోగ్రాఫర్ని పిలిపించండి!"

అనుకున్నదే తడవుగా రిక్షాకు మైకు కట్టారు. బజార్లో గుడ్డ కట్టారు: 'ఒక్క బొట్టుతో కాన్సర్ ఖతం!' డాక్టరమ్మ సాయంత్రం వచ్చి అది చూసి, "ఇది రోగాన్ని ఖతం చేసేది కాదు, ఖాయం చేసేది కూడా కాదు. అనుమానం మాత్రమే చెబుతుంది. అనుమానం వచ్చినవాళ్లకి ఎక్స్‌రే తీసి చూడాలి. దయచేసి ఆ మాట తీసేయండి" అన్నారు. బాలకోటయ్య గారు తక్షణం తీయించేశారు. మర్నాటికి 'ఒక్క బొట్టుతో కాన్సర్ అంతం!' అని కొత్త గుడ్డ వెలిసింది.

కూలీల బదులు పెద్దల రక్తం అనగానే ఆవిడ బాలకోటయ్య గారి చేతిలో సిగరెట్టు వైపు చూశారు. "సరే, సిగరెట్లు తాగేవాళ్లూ పనికొస్తారు. కాని ఒక షరతు. ఎవరి రక్తంలో అనుమానం తేలినా గుంటూరు రావాలి. మా ఆస్పత్రిలో ఉచితంగా మంచమిచ్చి వైద్యం చేయిస్తాను."

"ప్రాణమైనా ఇస్తాం!" అన్నారు బాలకోటయ్య గారు. ఇచ్చేది ఎవరి ప్రాణమో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి మీకు మనవి చేయాలి. మా పెద్దలు ఏ పనీ స్వయంగా చేయరు. చేస్తే పెద్దరికం తగ్గిపోతుంది. అన్నిటికీ బదులు మనిషి ఉంటాడు. కోటప్పకొండ మెట్లన్నీ కాలినడకన ఎక్కుతానని బాలకోటయ్య గారు మొక్కుకుంటే ఎక్కినవాడు శౌరి. శౌరిది చర్చి మతం కదా అని ఎవరో నసిగితే, "ఎక్కేది కాళ్లు గదయ్యా" అన్నాడు శౌరి. పుణ్యం బాలకోటయ్య గారికి, మోకాళ్ల నొప్పులు శౌరికి చేరాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి ఆదర్శంగా ముందుకొచ్చినప్పుడు దండ వేయించుకున్నది బాలకోటయ్య గారు, బల్ల మీద పడుకున్నది క్రషర్ కాపలావాడు. ఆ మరుసటేడే ఆయన భార్య తిరుపతమ్మ గారు పండంటి మగపిల్లవాణ్ణి కన్నారు. అప్పటినుంచి మా ఊళ్లో ప్రభుత్వ ఆపరేషన్ల మీద జనానికి నమ్మకం పోయింది.

కాబట్టి పరీక్ష ముందురోజు బాలకోటయ్య గారి వసారాలో పెద్దలు సమావేశమైతే ఏం తీర్మానిస్తారో నాకు ముందే తెలుసు.

"నెత్తురు ఎంత తీత్తారంట? సోలెడా, తవ్వెడా?" అని అడిగారు నూనె మిల్లు కోటేశ్వర్లు గారు. ఆయనకు సూది పేరు చెబితేనే చెమట్లు పడతాయి.

"నెత్తురు పోతే పోయింది. లేని రోగం ఉందని తేలితేనో?" అన్నారు సర్పంచి నరసయ్య గారు.

"మీరు ఊరికే కంగారు పడమాకండి" అని బాలకోటయ్య గారు అభయమిచ్చారు. "మనం దండలేసుకుని ఫొటో దిగుదాం. సూది సంగతి మన క్రషర్ కుర్రోళ్లు చూసుకుంటారు."

మర్నాడు హైస్కూల్లో శిబిరం. వేదిక మీద అడ్డంగా దుప్పటి కట్టి, దానికి చెయ్యి పట్టేంత కంత పెట్టారు. పెద్దమనుషులు నొప్పికి మొహం చిట్లిస్తే ప్రజలు ధైర్యం కోల్పోతారని బాలకోటయ్య గారు డాక్టరమ్మకు వివరించారు. దుప్పటికి ఇటు నర్సు కాంతమ్మ. అటు ఎవరుంటారో ఆ దేవుడికీ, మాకూ ఎరుక! పెద్దమనిషి పేరు నేను మైకులో పిలుస్తాను. ఆయన చొక్కా చెయ్యి మడుస్తూ ఫొటో దిగి, నమస్కారం పెట్టి దుప్పటి వెనక్కి వెళతారు. వెనక గుమ్మం దగ్గర గోలీసోడా తాగుతారు. కంతలోంచి ఒక చెయ్యి ఇవతలికి వస్తుంది!

కాంతమ్మ నాలుగైదు చేతులు చూసింది. ప్రతి చెయ్యీ కాయలు కాసి ఉంది. గోళ్లలో కంకర దుమ్ము. ఒకదానికి చిటికెనవేలు సగమే ఉంది.

"మీ ఊళ్లో పెద్దమనుషులు చానా కష్టజీవులండీ!" అంది నాతో.

"మా ఊరి సంప్రదాయం అంతేనమ్మా!" అన్నాను.

డాక్టరమ్మ పక్కనే నిలబడి చూస్తున్నారు. బాలకోటయ్య గారి పేరు పిలవగానే వచ్చిన చెయ్యి మాత్రం ఆవిడే పట్టుకున్నారు. దుప్పటి అవతల దగ్గు మొదలైంది. దగ్గు ఆగేదాకా ఆవిడ ఆ చేతిని వదల్లేదు.

నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. డాక్టరమ్మ స్వయంగా బాలకోటయ్య గారింటికి వచ్చి కూర్చుని, "మీ పేరు మీద ఉన్న రక్తంలో అనుమానం తేలిందండీ. ఎక్స్‌రేకి గుంటూరు రావాలి. ఆలస్యం చేయొద్దు" అన్నారు.

బాలకోటయ్య గారి చెయ్యి గుండెల మీదికి పోయింది. మొహం సున్నం కొట్టినట్టయింది. అంతలోనే ఆ నెత్తురు ఎవరిదో గుర్తొచ్చి, ఆయన మొహంలోకి మళ్లీ కళ వచ్చేసింది. కళ ఉంటే బాగుండదని కష్టపడి దిగులు తెచ్చుకున్నారు.

"ప్రజాసేవలో దేనికైనా సిద్ధం!" అన్నారు.

గేటు దాకా సాగనంపడానికి నేను వెళితే డాక్టరమ్మ ఆగారు. "మాస్టారూ, నాకు కావాల్సింది ఆ చెయ్యి తాలూకు మనిషి. ఆయన ఏ పేరుతో వచ్చినా నేనేం అడగను. త్వరగా పంపించండి. త్వరగా వస్తే బతికించుకునే వీలుంది."

తిరిగి లోపలికి వచ్చేసరికి బాలకోటయ్య గారు అప్పటికే పని పురమాయిస్తున్నారు. ఎక్స్‌రే తన ఒంటికి తీయించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు! పోకపోతే పిరికివాడంటారు. ఇంకేముంది?

"ఒరే శౌరీ, నా బదులు గుంటూరు పోయిరా."

"అక్కడ నేనేం చెయ్యాలయ్యా?"

"ఏం లేదురా, మంచం మీద పడుకోడమే! పేరు అడిగితే నా పేరు చెప్పు."

దారిలో నేను శౌరిని ఆపి, ఆ రక్తం నీదేరా, జబ్బూ నీదే అయి ఉంటుందిరా అని చెప్పాను. అతను కాసేపు క్రషర్ వైపు చూశాడు. "తెలుసు మాస్టారూ. నెత్తురు నాదైతే రోగం అయ్యగారిదెట్టా అవుద్ది? నా పెళ్లాం ప్రేమమ్మకి మీరు చెప్పమాకండి, నేనే చెబుతా" అన్నాడు.

బాలకోటయ్య గారు రాత్రికి రాత్రే నరసరావుపేటలో బావమరిది ఇంట్లో దాక్కున్నారు. నోరు ఆగని మనిషని భార్యకు కూడా అసలు సంగతి చెప్పలేదు. ఇక ఆయన గుంటూరు ఆస్పత్రిలో ఉన్నారనుకుని ఊళ్లో మొదలైంది చూడండి! శివాలయంలో ఆయన పేరున అభిషేకాలు. ఇమాం సాహెబ్ మసీదులో దువా చేశారు. ఆదివారం చర్చిలో ఫాదర్ గారు, "బాలకోటయ్య గారి ఊపిరితిత్తులను కాపాడుము ప్రభువా" అని ప్రార్థించారు. గుంటూరు నుంచి బట్టల కోసం వచ్చిన ప్రేమమ్మ వెనక వరసలో మోకాళ్ల మీద ఉంది. అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నది ఆమే. ఎంత విశ్వాసం గల మనిషి అని జనం మెచ్చుకున్నారు. ఎన్నికల్లో పోటీ ఎవరూ ఉండరనీ, ఇంత త్యాగమూర్తి మీద నిలబడటానికి ఎవరికి మనసొస్తుందనీ కోటేశ్వర్లు గారు కళ్లు తుడుచుకున్నారు. అసలు సంగతి తెలిసీ తుడుచుకున్నారు. అభ్యాసం అలాంటిది!

గుంటూరులో ఎక్స్‌రే తీశారు. శౌరి ఒక ఊపిరితిత్తిలో గడ్డ కనబడింది. చిన్నది. ముదరలేదు, ఆ తిత్తి కోసి తీసేస్తే బతికే ఆశ ఉందన్నారు. రెండో తిత్తిలో నిండా దుమ్మే. ఆపరేషన్‌కి రోజు పెట్టారు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కాని తిరుపతమ్మ గారు పతిభక్తి పట్టలేక కోటప్పకొండ ప్రసాదం పట్టుకుని గుంటూరు బస్సెక్కారు. ఆస్పత్రిలో బాలకోటయ్య గారి మంచం ఎక్కడని అడిగితే కొత్త నర్సు ఒకామె చూపించింది.

"అదిగోనండి. ఇప్పుడే వాళ్లావిడ జావ తాగించి వెళ్లింది."

"వాళ్లావిడా?" తిరుపతమ్మ గారు ప్రసాదం పొట్లం బల్ల మీద పెట్టేశారు. "వాళ్లావిడ ఎవతె? నేను గదే!"

"రోజూ వచ్చే ఆమేనండి. పాపం, కాళ్లు పట్టుకుని ఒకటే ఏడుపు."

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. మంచం మీద శౌరిని చూసి ఆవిడ ముందు నెమ్మదించి, తర్వాత మండిపడి, మొగుడు దాక్కుంటే తన తమ్ముడి ఇంట్లోనేనని ఊహించి, నరసరావుపేట వెళ్లి ఈడ్చుకొచ్చారని మాత్రం తెలుసు. మా ఊరి బస్టాండులో దిగగానే మొదలైంది.

"నీ పేరెట్టుకున్నోడి పక్కన ఎవతో నీ పెళ్లామని కూచుంటే నా పరువేం కావాల? ఇప్పుడే చెప్పు! పదిమందిలో చెప్పు! ఆ మంచం మీద ఉంది నువ్వు కాదని చెప్పు!"

బాలకోటయ్య గారు ఇటు చూశారు, అటు చూశారు. సోడాబండి వాళ్లూ, బస్సులో వాళ్లూ, రిక్షావాళ్లూ అందరూ దగ్గరికి వచ్చేశారు. మండలాధ్యక్ష పదవి ఒకవైపు, తిరుపతమ్మ గారు ఒకవైపు. ఆయన భార్యకే ఓటేశారు.

"నాకేం లేదు! ఆ నెత్తురు నాది కాదు, శౌరిది!" అని అరిచారు.

నరసయ్య గారు తన బదులు మనిషి సంగతి కూడా బయటపడుతుందేమోనని చెట్టు చాటుకు పోయారు. మోసం జరిగిందని ఎవరైనా అంటారేమోనని నేను చూశాను. అప్పుడు సోడాబండి దగ్గర ఒక పెద్దాయన రెండు చేతులూ జోడించి, "హమ్మయ్య! అయితే ఎవరికీ ఏం లేదన్నమాట!" అన్నాడు.

"ఎవరికీ ఏం లేదంట!" అని మాట బజారంతా పాకింది. శివాలయంలో కొబ్బరికాయలు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నేనేమన్నాను? కొబ్బరి ముక్క తీసుకున్నాను.

బాలకోటయ్య గారు నన్ను గుంటూరు పంపారు. తన పేరు మీద ఉన్న మనిషి తాను కాదు గనక ఆ మంచం ఖాళీ చేయించమని కబురు. డాక్టరమ్మ విని, "మేం కోసేది పేరును కాదు మాస్టారూ, ఊపిరితిత్తిని" అన్నారు. మంచం తలవైపు వేలాడుతున్న అట్ట మీద పేరు కొట్టేసి 'శౌరి' అని రాశారు. ఆ గురువారం ఆపరేషన్ అయింది. శౌరి బతికాడు.

అతను ఊరికి వచ్చేసరికి చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. బాలకోటయ్య గారికి ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆదివారం సాయంత్రం క్రషర్ వాళ్ల పేట పక్కనే అభినందన సభ పెట్టారు. ఉపన్యాసం యథాప్రకారం నాదే. పేట అంతటికీ వినబడేలా స్తంభాలకు మైకు గొట్టాలు కట్టారు.

"నాకు రావాల్సిన గండాన్ని శౌరి తన ఒంటి మీద వేసుకున్నాడు!" అని బాలకోటయ్య గారు గద్గద స్వరంతో చదివారు. "ఇది స్వామిభక్తి! పల్నాటి పౌరుషం! అందుకు ప్రతిఫలంగా, ఇన్నాళ్లు పనికి రాకపోయినా ఒక్క మాట అనకుండా, రేపు సోమవారం నుంచి శౌరిని మళ్లీ క్రషర్ పనిలోకి తీసుకుంటున్నాను!"

చప్పట్లు మోగాయి. శౌరి మెళ్లో దండ పడింది. బంతిపూల పుప్పొడికి దగ్గు వచ్చి వంగిపోయాడు. ఆ చివరి వాక్యం నేను రాసింది కాదు, ఆయన సొంతం.

కింద నేల మీద కూర్చున్న ప్రేమమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఈయన్ని ఇంక దుమ్ములోకి పంపొద్దంది డాక్టరమ్మ. ఉన్న ఒక్కటీ పోద్దంది."

"డాక్టర్లు అట్టాగే అంటారే ప్రేమమ్మా!" బాలకోటయ్య గారు మైకు పట్టుకునే నవ్వారు. "దుమ్ము మనిషినేం చెయ్యదు. నేను చెబుతున్నా గదా!"

"ఏం చెయ్యదా అయ్యా?"

"ఏం చెయ్యదు!"

"అయితే ఒక్క పని చెయ్యండి" అంది ప్రేమమ్మ. "మీ బదులు ఈయన సూది పొడిపించుకున్నాడు. మీ బదులు రొమ్ము కోయించుకున్నాడు. రేపు ఈయన బదులు మీరెళ్లి ఆ క్రషర్ నోటి కాడ నిలబడండి. ఎక్కువొద్దు, పొద్దున్నించి అన్నాల యేళ దాకా."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తిరుపతమ్మ గారు కూడా నవ్వారు. బాలకోటయ్య గారి మొహం ఎర్రబడింది. మండలం, ప్రజాసేవ, నా ఉపన్యాసం, అన్నీ ఒక్కసారిగా మర్చిపోయారు.

"ఏందే కూసేది? నేనా? ఆ దుమ్ములోనా? మనిషన్నవాడు బతుకుతాడా అందులో!"

మైకు ఆయన చేతిలోనే ఉంది. స్తంభాల మీద గొట్టాలన్నీ ఆ మాటను పేట చివరిదాకా వినిపించాయి. చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆయన కాగితంలో తర్వాతి వాక్యం కోసం వెతుక్కున్నారు. నేను తలొంచుకుని కూర్చున్నాను.

సోమవారం క్రషర్ దగ్గరికి ఒక్కడూ పోలేదు. మేస్త్రీ ఇంటింటికీ తిరిగి తలుపు తట్టాడు. ప్రతి ఇంట్లోంచీ ఒకటే జవాబు వచ్చింది.

"మా బదులు అయ్యగార్ని నిలబడమను."